అక్క నుదుటి మీది ఎర్రమన్ను

పెళ్ళయి వచ్చిన నాటి నుంచి మా అక్క పెద్దబావను నేరుగా ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ గేదెను అంది.

పెద్దబావ అంటే అక్క మొగుడికి అన్న. వాళ్ళ ఊరు దమ్మపేట దాటాక, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. అన్నదమ్ములిద్దరి ఇళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకు ఇవతల అక్కవాళ్ళ గేదెల కొట్టం. మొగుడి అన్న ఎదుట నిలబడి మాట్లాడటం, ఆయన ఉండగా మంచం మీద కూర్చోవటం మా ఇళ్ళలో లేదు. అందుకని ఆయన ఏదైనా చెయ్యకూడని పని చేసినప్పుడల్లా అక్క కొట్టంలోకి వెళ్ళి గేదె ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది.

"నిన్నెవడడిగిండే సలహా? పొద్దుగాల లేస్తే ఊళ్ళోవాళ్ళ బాగోగులన్నీ నీకే గావాలె. నీ కొట్టంల పేడ నువ్వెత్తుకోవు గాని!"

గేదె నెమరేస్తూ వినేది. గోడ అవతల పెద్దబావ దగ్గేవాడు. ఆయనకు అర్థమయ్యేదో లేదో నాకిప్పటికీ తెలియదు. అర్థం కాకపోవటమే ఆయనకున్న బలం. ఆ బలంతోనే ఊళ్ళో పెద్దమనిషి అయ్యాడు.

ఎప్పుడో సత్తుపల్లిలో ఒక మందుల షాపులో కొన్నాళ్ళు కూర్చున్నాడట. ఎన్నాళ్ళు అని అడిగితే మాట మార్చేవాడు. ఆ కొన్నాళ్ళ చదువు మీద ఊరంతటికీ నాడి చూసేవాడు. ఫోన్లు వచ్చాక ఇంకా మించిపోయాడు. పొద్దున ఫోనులో ఎవడో చెప్పిన సంగతి మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఆయన సొంత అనుభవం అయిపోయేది. ఉల్లిపాయ అరికాళ్ళకు కట్టుకుంటే షుగర్ దిగుతుందని చెప్పి సగం ఊరితో ఉల్లిపాయలు కట్టించాడు. ఎవరికీ ఏదీ దిగలేదు, చెప్పుల్లో వాసన తప్ప. అయినా జబ్బు చేస్తే మళ్ళీ ఆయన గుమ్మానికే వెళ్ళేవారు. ఏం మనుషులో!

నేను చదివింది ఐదో తరగతి. ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉంటాం. ప్రతి ఏడూ మిర్చి కోతల కాలంలో కూలీలకు వండి పెట్టే సాయానికి అక్క దగ్గరికి వెళ్ళి, కల్లం ఎత్తేదాకా ఉంటాను. ఆ ఏడు నేను వెళ్ళేసరికి అక్క తల ఒక పక్కకు వంచుకుని తిరుగుతోంది.

"ఏందక్కా, మెడ పట్టిందా?"

"మెడ గాదే. ఈ ఎడమ దిక్కు నుదురంతా మంట. దువ్వెన తగిలితే నిప్పంటుకున్నట్టుంది."

మర్నాటికి ఎడమ కనుబొమ్మ మీద నీటి పొక్కులు లేచాయి. గుత్తులు గుత్తులుగా పైకి పాకి జుట్టులోకి పోయాయి. కుడి పక్కకు ఒక్కటి రాలేదు, గీత గీసి ఆపినట్టు. ఆటో మాట్లాడి దమ్మపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ చూడగానే, "ఇది సర్పి. కంటి దగ్గర వచ్చింది కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు. ఈ రోజే మాత్రలు మొదలుపెట్టండి, కంటి డాక్టరుకు కూడా చూపించండి," అంది. వేళ తప్పకుండా మింగాల్సిన పెద్ద పెద్ద మాత్రలు రాసింది. కొనుక్కొచ్చాం.

గుమ్మంలోనే పెద్దబావ.

"సర్పికి మాత్రలేంది? పామునెవడన్నా మాత్ర వేసి చంపుతడా? గోలీ లోపలికి పోతే పాము గూడా లోపలికి పోతది. ఎర్రమన్ను పూసుకోవాలె, అది ఎండి దానంతటది రాలిందాంక ఏ మందూ ముట్టొద్దు."

మా వైపు సర్పి అంటే ఒంటి మీద పాకే పాము. దానికి ఎర్రమన్ను నూరి పూసి, పాము బెదరాలని పక్కన సింహం బొమ్మ గీస్తారు. నడుము చుట్టూ వస్తే తల, తోక కలిస్తే మనిషి దక్కదని భయం. అలా పూసే అలవాటున్న మనుషులు వేరే ఉంటారు. పెద్దబావ వాళ్ళ కోసం కూడా ఆగలేదు. తనే గిన్నెలో ఎర్రమన్ను కలుపుకొచ్చి, అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి, అక్క కనుబొమ్మ పైన సింహాన్ని గీశాడు. అది సింహమని ఆయన చెప్పబట్టి తెలిసింది. నాకైతే మేకలా ఉంది, అందులోనూ ఈనబోయే మేక.

"డాక్టరమ్మ ఇయ్యాలనే మొదలుపెట్టమన్నది బావగారూ," అన్నాను నేను.

"ఐదో తరగతోళ్ళు గూడ డాక్టర్లయితే ఇంక మేమెందుకమ్మా?" అని నవ్వాడు. తనేదో పదో తరగతి దాటినట్టు.

మా బావ, అంటే అక్క మొగుడు, గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఈ లోకంలో వచ్చిన మాట ఒక్కటే: "అన్న చెప్పిండు గదా." పెళ్ళిచూపుల్లో కూడా అదే అని ఉంటాడు.

అక్క మాత్రలు చేతిలో పట్టుకుని నిలబడింది. ఒప్పుకోలేదని ఆమె మొహమే చెబుతోంది. కానీ వద్దని అనాలంటే ఆయనతోనే అనాలి. తిట్లయితే గేదె మీదుగా పంపొచ్చు. వద్దు అనే మాటను గేదెతో ఎలా పంపుతాం? మాత్రలు ఫ్రిజ్ మీద దేవుడి పటం వెనక్కి వెళ్ళాయి. సాయంత్రం పాలు పిండుతూ అక్క గేదెతో అంది: "నా నెత్తి మీద మేకనెక్కించిండే తల్లీ. రేపు దీనికి మేత గూడ నేనే వెయ్యాలేమో."

పొక్కులు ఎండాయి, పెచ్చులు రాలాయి. ఎప్పుడైనా కొన్నాళ్ళకు రాలేవే. పెద్దబావ మాత్రం సింహం పామును మింగేసిందని ఊరంతా చెప్పుకుని వచ్చాడు. అక్కకు మంట పోలేదు, కన్ను ఎరుపు చాలా రోజులుంది. అది చెప్పబోతే, "పాము పోయినా కుబుసం ఉంటది మరి," అన్నాడు. అన్నిటికీ ఏదో ఒకటి ఉంటుంది ఆయన దగ్గర.

తర్వాత కొన్ని వారాలకు, రెండో కోత కాయ కల్లంలో ఎండుతున్నప్పుడు, మేం ఆడవాళ్ళం వరసగా కూర్చుని తాలు ఏరుతున్నాం. రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటారు. మంచి కాయలో అది కలిస్తే ఖమ్మం మిర్చి యార్డులో ధర కొట్టేస్తారు. తాలు ఏరటంలో అక్కను మించినవాళ్ళు లేరు. మాట్లాడుతూ, తిడుతూ, చూడకుండానే ఏరేది. ఆ రోజు నా పక్కనే కూర్చుని ఎర్రటి కాయలు తీసి తాలు కుప్పలో వేస్తోంది.

అడవి పక్క గూడెం నుంచి పనికొచ్చే కోయ ఆవిడ ఒకామె, అక్కతో ఎప్పుడూ పరాచికాలాడే మనిషి, నవ్వింది. "ఏందమ్మో, మంచి కాయ తాలుల పోస్తున్నవ్? మేం పోస్తే మా తాతల దాకా తిడితివి గదా!"

అందరం నవ్వాం. అక్క జవాబు చెప్పకుండా ఊరుకునే రకం కాదు. నోరు తెరిచింది. "కాయి... కయ్య... తా, తా..." అంది. మళ్ళీ అదే అంది. తనకే వింతగా అనిపించి నా వైపు చూసింది. మూతి కుడివైపు జారి ఉంది. కుడి చెయ్యి మిరపకాయల మధ్య పడి ఉంది, ఎవరో మర్చిపోయి వెళ్ళిన చెయ్యిలా.

పెద్దబావ గొడుగేసుకుని వచ్చాడు. చూసీ చూడగానే, "ఎండదెబ్బ. మజ్జిగ పొయ్యండి," అన్నాడు. పోశారు. అక్కకు పొలమారి కళ్ళు తేలేసింది. నేను గ్లాసు లాక్కుని విసిరికొట్టాను. అప్పుడు ఆయన గొడుగు మూసి జబ్బు మార్చాడు.

"గాలి కొట్టింది. పసరుమందాయన దగ్గరికి పోదాం, జల్దీ."

"108కి చేద్దాం బావగారూ, ఖమ్మం తీస్కపోదాం!"

"అది వచ్చేలోపల నా కారు నాలుగుమాట్లు పోయొస్తది. పక్షవాతానికి దవాఖానల మందే లేదు, ఎవర్నన్నా అడుగు."

"అన్న చెప్పిండు గదా," అన్నాడు మా బావ, అక్క కాళ్ళ దగ్గర కూర్చుని.

పసరుమందాయన ఖమ్మం దారిలో లేడు, సరిగ్గా దానికి ఎదురు దారిలో ఉన్నాడు. ఎక్కడి నుంచో వచ్చి రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని, "అడవి మూలికల వైద్యం" అని తన ఫోటోతో పెద్ద బోర్డు పెట్టుకున్న మనిషి. అక్కను పట్టుకుని కోయ ఆవిడ కూడా కారెక్కింది. ఆ బోర్డు చూసి ఆమె నా చెవిలో అన్నది: "మావోళ్ళెవరూ ఈయనకాడికి రారమ్మా. అడివిల మేం ఈయన్ని ఎన్నడూ చూళ్ళే. చెట్టు పేరడుగు, చెప్తడేమో."

ఆయన చెట్టు పేరు చెప్పలేదు. చొక్కా మడతలు సర్దుకుని, ఆకుపచ్చటి రసమేదో అక్క నెత్తిన పోసి రుద్ది గుడ్డ కట్టాడు. వరసలో మా ముందు ఇద్దరున్నారని అంతకు ముందు చాలాసేపు ఆగాం కూడా. గాలికి వరసట! పెద్దబావ ఆయన పక్కన కుర్చీ వేసుకుని, నాడి గురించి ముచ్చట్లు మొదలుపెట్టాడు. అక్క బెంచీ మీద ఒరిగి, మాట కోసం నోట్లో వెతుక్కుంటోంది. ఆ వెతుకులాట చూసి ఇక ఉండలేకపోయాను. అంతకు ముందు నాకు పెద్ద భయం ఆమె ప్రాణం గురించే. అక్కడ బెంచీ మీద ఇంకో భయం పట్టుకుంది. ప్రాణం ఉండి మాట పోతే? మా అక్కకు మాట లేకపోతే అక్కలో ఇంకేం మిగులుతుంది? షెడ్డు బయటికొచ్చి నేనే 108కి ఫోను చేశాను.

అంబులెన్సులో వచ్చినతను ముందు అడిగింది ఒక్కటే. "ఎప్పుడు మొదలైంది?"

"ఆమెది చిన్నప్పట్నుంచి వాతం శరీరం," అన్నాడు పెద్దబావ.

"అది కాదు సార్, ఇయ్యాల ఎన్నింటికి?"

పెద్దబావ ఆకాశం వైపు చూశాడు. పొద్దున కల్లంలో టీ తాగిన తర్వాత అని నేను చెప్పాను. అతను చేతి గడియారం చూసుకుని, స్ట్రెచరు దించమని డ్రైవరును తొందరపెట్టాడు. ఆలస్యమైందని ఆ తొందరలోనే నాకు అర్థమైంది.

ఖమ్మంలో స్కాను తీశారు. మెదడుకు ఎడమ పక్క రక్తం పోయే గొట్టంలో గడ్డ అడ్డం పడిందని పెద్ద డాక్టరు చెప్పాడు. మొదట్లోనే తీసుకొస్తే గడ్డ కరిగించే సూది వేసే వీలుండేదనీ, ఆ వేళ దాటిపోయిందనీ అన్నాడు. "ఎక్కడ ఆగారు?" అని అడిగాడు. అక్క నెత్తిన ఆకుపచ్చ గుడ్డే జవాబు చెప్పింది. ఆ గుడ్డ విప్పుతూ ఆయన నుదుటి మీది మచ్చలు చూశాడు, ఆగి దగ్గరగా చూశాడు.

"ఇక్కడ పొక్కులొచ్చాయా ఈ మధ్య?"

"సర్పి వచ్చింది సార్. ఎర్రమన్ను వేసి నయం చేసినం," అన్నాడు పెద్దబావ. చేసినం అట.

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని మాకు చెప్పాడు. సర్పి పాము కాదు, వైరస్ అనే పురుగు. చిన్నప్పుడు అమ్మవారు, అంటే ఆటలమ్మ, పోసిందే, ఆ పురుగే. అమ్మవారు తగ్గినా అది ఒంట్లోంచి పోదు. నరం మొదట్లో దాక్కుని ఏళ్ళకేళ్ళు నిద్రపోతుంది. వయసు మీదపడి ఒంట్లో బలం తగ్గాక లేచి ఆ నరం వెంట చర్మానికి పాకుతుంది. నుదుటి మీద, కంటి దగ్గర లేచిందంటే ఒక్కోసారి లోపలి దారిన మెదడు రక్తనాళానికి కూడా పాకుతుంది. నాళం గోడ వాచి ఇరుకవుతుంది. ఇరుకైన చోట రక్తం గడ్డకడుతుంది. పొక్కులు మానిన వారాలకు, నెలలకు కూడా అట్లా జరగొచ్చు. ఇదొక్కటే కాదు, కరోనా అప్పుడు చూళ్ళేదా, పెద్ద ఫ్లూ జ్వరం అయినా అంతే, తగ్గాక కూడా కొన్నాళ్ళు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది అన్నాడు.

పెద్దబావ ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపాడు. "పొక్కులు ఎడమ దిక్కు సార్. పడిపోయింది కుడి చెయ్యి. సంబంధమేంది?"

"ఎడమ మెదడే కుడి చేతిని నడిపిస్తుంది. మాట కూడా ఎక్కువమందికి ఎడమ పక్కే ఉంటుంది."

"గట్లనా! మరి పాము వేరు, అమ్మవారు వేరు గదా? ఆమెకు వేపాకు, దీనికి ఎర్రమన్ను. రెండూ ఒకటే పురుగంటే దేవతలకు కోపం రాదా?"

డాక్టరు నా వైపు తిరిగాడు. "మొదట్లో మాత్రలు వేసి ఉంటే ఇది రాకపోయేదని నేను ఒట్టేసి చెప్పలేనమ్మా. కానీ వేసి ఉండాల్సింది." ఆ 'కానీ' ఫ్రిజ్ మీద దేవుడి పటం వెనక ఇంకా అలాగే ఉంది, అట్ట కూడా చింపకుండా.

ఆ రాత్రి వార్డు బయట కూర్చుంటే మా అమ్మ గుర్తొచ్చింది. అక్కకు అమ్మవారు పోసినప్పుడు నేను చాలా చిన్నదాన్ని. గుమ్మానికి వేపమండలు, ఇంట్లో తాలింపు లేదు, అక్క వేపాకుల మీద పడుకుని ఉంటే తన పక్కకు నన్ను పోనిచ్చేవాళ్ళు కాదు. తగ్గాక అమ్మ పెరుగన్నం, పసుపు తీసుకుని ఊరి చివర దాకా వెళ్ళి అమ్మవారిని సాగనంపి వచ్చింది. వెనక్కి తిరిగి చూడొద్దని నాకు చెప్పింది. అమ్మ భక్తిని నేను వెక్కిరించను. ఆవిడకు వేరే దారేముంది ఆ రోజుల్లో, ఆ ఊళ్ళో? ఆవిడ సాగనంపిన తల్లి వెళ్ళే ఉంటుంది. మిగిలిందేదో అక్క నరంలో ముడుచుకుని కూర్చుంది. మా అమ్మకు డాక్టరు లేడు. పెద్దబావకు దమ్మపేటలో డాక్టరమ్మ ఉంది, రాసిచ్చింది, మందు ఇంట్లోకి కూడా వచ్చింది. అందుకే నా కోపమంతా ఆయన మీదే.

అక్కను ఇంటికి తెచ్చాం. కాలు ఈడుస్తూ నడిచేది. చెయ్యి కొంచెం కదిలింది. మాటే రాలేదు. మాట నేర్పటానికి ఒక అమ్మాయి ఖమ్మం నుంచి ఫోనులో బొమ్మలు చూపించేది. దువ్వెన చూపిస్తే అక్క "ఆదివారం" అనేది. తప్పన్న సంగతి తనకే తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పరామర్శకు వచ్చేవాళ్ళు బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు, సలహాలు పట్టుకుని వచ్చేవారు. పావురం రక్తం రుద్దమని ఒకరు, గుడి మార్చమని ఇంకొకరు. చెవుడు కూడా వచ్చిందనుకున్నారేమో, అందరూ అక్క మొహంలో మొహం పెట్టి అరిచేవారు. ఒకప్పుడు ఆమె నోటికి జడిసి ఆ వాకిలి తొక్కనివాళ్ళు కూడా వచ్చి తీరిగ్గా కూర్చున్నారు.

ఒక పూట అక్క తనంతట తనే లేచి కొట్టంలోకి వెళ్ళింది. గేదె ముందు నిలబడి, బాగున్న చెయ్యి నడుం మీద పెట్టుకుంది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గేదె మోర ఎత్తి ఎదురు చూసింది. నేను తలుపు చాటునే ఉండిపోయాను.

పెద్దబావ రోజూ వచ్చి వరండాలో కూర్చునేవాడు. వచ్చినవాళ్ళందరికీ తానే కథ చెప్పేవాడు. అక్క లోపల మంచం మీద ఉంది, తలుపు తీసే ఉంది. ఆ రోజు ఎవరికో చెబుతున్నాడు: "డాక్టర్లకేం తెల్సు? ముందుగాల నేను ఎర్రమన్ను వెయ్యబట్టి ప్రాణంతోనన్న ఉన్నది. పాము తల నరికిన, తోక తన్నింది, గంతే."

లోపలి నుంచి వచ్చింది మాట.

"ఛీ! నోర్ముయ్ ముసలోడా!"

ముక్క విరగలేదు, తడబాటు లేదు, పాత అక్క గొంతే. వరండాలో అందరూ బిగుసుకుపోయారు. మొగుడి అన్నను, అదీ మొహం మీద! మా బావ లేచి నిలబడి, ఏమనాలో తెలియక అన్న వైపు చూశాడు. ఈసారి అన్న ఏమీ చెప్పలేదు గదా. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పెద్దబావ మొహం వెలిగిపోయింది. "చూసిండ్రా! మాటొచ్చింది! పసరు పట్టింది!"

మాట నేర్పే అమ్మాయి ఫోనులో చెప్పింది: తిట్లు, ఒట్లు, అలవాటైన మాటలు మెదడులో ఇంకో చోట కూడా ఉంటాయట. చాలామందికి అవే ముందు వస్తాయట. అన్నం, నీళ్ళు, దువ్వెన ఆలస్యమవుతాయి, కొన్ని రాకపోవచ్చు కూడా అంది. అయితేనేం, అక్కకు వచ్చిన మాట ఊరికే రాలేదు. ఇన్నేళ్ళు గేదె దగ్గర దాచుకున్నదే వచ్చింది.

కల్లం ఎత్తేసినా అక్క కోసం నేను ఉండిపోయాను. ఒకరోజు కోయ ఆవిడ వచ్చింది, కొంగుతో మొహం సగం కప్పుకుని. కొంగు తీస్తే కుడి కంటి పక్కన నీటి పొక్కులు. నిన్నటి నుంచి మంట అంది. నేను నోరు తెరిచేలోపే గోడ మీదుగా పెద్దబావ తల వచ్చింది.

"ఆగు, ఆగు, ఎర్రమన్ను తయారుగనే ఉంది. సింహం గీస్త." కొట్టం గోడ మీద గిన్నె పెట్టి ఉంది. మిగిలిన మన్ను ఎప్పుడు పనికొస్తుందోనని దాచుకున్నాడు మహానుభావుడు.

అక్క మంచం దిగింది. కాలు ఈడ్చుకుంటూ కొట్టం దాకా వెళ్ళింది. ఎడమ చేత్తో గిన్నె అందుకుని పేడ దిబ్బ మీద బోర్లించింది. గేదె పక్కనే ఉంది. అక్క దానివైపు చూడలేదు. తలెత్తి గోడ మీది మొహం వైపు చూసింది.

"నోర్ముయ్."

తర్వాత కోయ ఆవిడ వైపు తిరిగింది. దవాఖాన అనే మాట కోసం వెతికింది. పెదాలు కదిలాయి, మెడ నరాలు లేచాయి. అది దొరకలేదు. రోడ్డు వైపు చెయ్యి చాపింది.

"బస్సు," అంది. "బస్సు. బస్సు."

దమ్మపేట బస్సు వచ్చే వేళే అది. నేను చెప్పులేసుకుని కోయ ఆవిడతో పాటు ఎక్కాను. ఆ సాయంత్రానికే మాత్రలు మొదలయ్యాయి. మేం బయల్దేరుతుంటే గోడ అవతల పెద్దబావ దగ్గటం వినిపించింది.